తాపీ ఒడ్డున ఒక డయోజినిస్: కవి నర్మద్ జీవితం

1852 మే నెలలో తాపీ నది ఆవలి ఒడ్డున ఉన్న రాందేర్ పాఠశాలలో పద్దెనిమిదేళ్ల యువకుడు ఒకరు ఉపాధ్యాయుడిగా చేరారు. అప్పటికి ఆ నదిపై వంతెన లేదు. సూరత్ నగరంలో పడవ ఎక్కి, నది దాటి వెళ్లి పాఠాలు చెప్పి, మళ్లీ పడవలోనే ఇల్లు చేరుకునేవారు. రాందేర్‌ను ఆనుకొని, నదికి అదే ఒడ్డున ఉన్న అడాజన్ నేడు ఎత్తైన నివాస భవనాలతో, రద్దీ కూడళ్లతో కిటకిటలాడుతోంది. ఇక్కడి నుంచి నగరంలోకి వెళ్లడానికి ఇప్పుడు ఎన్నో వంతెనలున్నాయి. పడవ ప్రయాణం ఎవరి దినచర్యలోనూ లేదు. ఆ యువకుడి పేరు మాత్రం నదికి రెండు వైపులా నిత్యం వినిపిస్తూనే ఉంటుంది. దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయానికి ఆయన పేరే పెట్టారు. నగరంలోని కేంద్ర గ్రంథాలయానికీ ఆయన పేరే. మరమగ్గాల పని వెతుక్కుంటూ తెలంగాణ నుంచి సూరత్ వచ్చి స్థిరపడిన పద్మశాలి కుటుంబాల పిల్లలు తమ పట్టాలపై చదువుకునే పేరు కూడా అదే. ఆయన నర్మదాశంకర్ లాల్‌శంకర్ దవే. గుజరాతీలకు కవి నర్మద్, వీర నర్మద్.

విగ్రహాలూ పేర్లూ ఒక మనిషిని ఎంత తొందరగా పెద్దమనిషిని చేసేస్తాయో చెప్పడానికి నర్మద్ మంచి ఉదాహరణ. బతికి ఉన్నంత కాలం ఆయన ఎవరికీ పెద్దమనిషిగా కనిపించలేదు. మఠాధిపతులకు నాస్తికుడిగా, కులపెద్దలకు భ్రష్టుడిగా, సేఠ్‌లకు నోటి దురుసు మనిషిగా, చివరి రోజుల్లో తోటి సంస్కర్తలకు ద్రోహిగా కనిపించారు. దేనికీ వంగి నమస్కరించని ఆ తత్వాన్ని అర్థం చేసుకోవడానికి ఒకసారి ప్రాచీన గ్రీసు వైపు చూడటం ఉపయోగపడుతుంది.

క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలో నల్ల సముద్రం ఒడ్డున ఉన్న సినోపే నగరం నుంచి బహిష్కృతుడై ఏథెన్స్ చేరినవాడు డయోజినిస్. నాణేలను చెడగొట్టిన నేరం ఆయన మీదో, ఆయన తండ్రి మీదో పడిందని సంప్రదాయ కథనం. గ్రీకు భాషలో నాణేనికీ ఆచారానికీ వాడే మాటలు ఒకే ధాతువు నుంచి పుట్టాయి. ఊళ్లో చెలామణి అయ్యే నాణెం మీది ముద్రను చెరిపినవాడే తరువాత సంఘంలో చెలామణి అయ్యే ఆచారం మీది ముద్రను కూడా చెరపడానికి పూనుకున్నాడు. ధాన్యం, నూనె నిల్వ చేసే పెద్ద మట్టి బానలో కాపురం పెట్టాడు. దోసిలితో నీళ్లు తాగుతున్న పిల్లవాణ్ని చూసి, తన దగ్గరున్న ఒక్క గిన్నెనూ పారేశాడు. పట్టపగలు దీపం పట్టుకొని మనిషి కోసం వెతికాడు. కోరిక ఏదైనా అడగమని చక్రవర్తి అలెగ్జాండర్ ఎదురుగా నిలబడితే, కాస్త ఎండకు అడ్డం తప్పుకోమని మాత్రమే కోరాడు. సముద్ర దొంగలు పట్టుకొని బానిసల సంతలో నిలబెట్టినప్పుడు కూడా, యజమాని అవసరం ఉన్నవాడికే తనను అమ్మమన్నాడట. జనం కుక్క అని పిలిస్తే ఆ పేరునే బిరుదుగా స్వీకరించాడు.

ఈ కథల్లో చాలా భాగం ఆయన చనిపోయిన ఐదారు వందల ఏళ్ల తరువాత గ్రంథస్థమయ్యాయి. అందువల్ల ప్రతి కథనూ చరిత్రగా తీసుకోలేం. అయితే ఆయన శిష్యుడు ఒనెసిక్రిటస్ అలెగ్జాండర్ సైన్యంతో తక్షశిల వరకు వచ్చి, అక్కడి దిగంబర సాధువులకు తన గురువు గురించి చెప్పిన విషయం ప్రాచీన గ్రంథాల్లో ఉంది. గ్రీకు జ్ఞానుల ఆలోచనలు బాగానే ఉన్నాయని, కాని ఆచారానికి జడిసి ఇంకా బట్టలు కట్టుకోవడమే వారి లోపమని ఆ సాధువులు తేల్చారట. వేమనను ఎరిగిన తెలుగువారికి ఈ తీర్పు అంత వింతగా తోచదు.

డయోజినిస్‌కు ఒక సౌకర్యం ఉంది. ఆయనకు పోగొట్టుకోవడానికి ఏమీ లేదు. ఇల్లు లేదు, ఇల్లాలు లేదు, అప్పు ఇచ్చినవాడు లేడు, వెలివేయడానికి కులం లేదు. నర్మద్‌కు ఇవన్నీ ఉన్నాయి. ఇవన్నీ ఉన్న మనిషి అదే ధిక్కారంతో బతకాలనుకుంటే ఎంత మూల్యం చెల్లించాలో ఆయన జీవితం చెబుతుంది.

నర్మద్ 1833 ఆగస్టు 24న సూరత్‌లోని ఆమ్లీరాన్ ప్రాంతంలో నాగర బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. ఆ రోజునే ఇప్పుడు గుజరాతీ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నారు. గిడుగు రామమూర్తి జయంతి నాటి మన తెలుగు భాషా దినోత్సవానికి ఇది సరిగ్గా ఐదు రోజుల ముందు వస్తుంది. తండ్రి లాల్‌శంకర్ బొంబాయిలో రాతపని చేసి జీవించేవారు. నర్మద్‌కు నాలుగేళ్లు నిండకముందే, 1837లో సూరత్‌ను దహించిన మహా అగ్నిప్రమాదంలో వారి ఇల్లు కూడా కాలిపోయింది. బాల్యం బొంబాయికీ సూరత్‌కూ మధ్య గడిచింది. పదకొండో ఏట గులాబ్ అనే బాలికతో పెళ్లి జరిగింది. 1845లో బొంబాయిలోని ఎల్ఫిన్‌స్టన్ విద్యాసంస్థలో ఇంగ్లీషు చదువు మొదలైంది.

ఆయన బాల్యంలోనే సూరత్ గాలిలో ప్రశ్న ఉంది. దుర్గారామ్ మెహతాజీ అనే ఉపాధ్యాయుడు 1844లో ఈ నగరంలో మానవధర్మ సభను స్థాపించి, మంత్రగాళ్లను తమ శక్తి చూపమని బహిరంగంగా సవాలు చేశారు. బొంబాయిలో 1851లో విద్యార్థుల సభలో నర్మద్ చేసిన ప్రసంగం సంఘంగా కూడటం వల్ల కలిగే లాభాల గురించి. గుజరాతీ వచన వ్యాసానికి అదే నాంది అని సాహిత్య చరిత్రకారులు లెక్కిస్తారు. అప్పటికి ఆయనకు పద్దెనిమిదేళ్లు కూడా నిండలేదు.

అంతకుముందే, 1850 నవంబరులో తల్లి మరణించడంతో చదువు ఆగింది. మామగారి ఒత్తిడితో సూరత్ వచ్చి కాపురం పెట్టారు. పడవ దాటి రాందేర్ వెళ్లిన రోజులు అవే. మరుసటి ఏడాది నాన్‌పురా పాఠశాలకు బదిలీ అయింది. అదే ఏడాది భార్య గులాబ్ కన్నుమూసింది. 1854 జనవరిలో ఆయన తిరిగి బొంబాయి చేరి మళ్లీ కళాశాలలో చేరారు. అక్కడ దాదాభాయ్ నౌరోజీ శిష్యరికం దొరికింది. 1856లో డాహీగౌరితో రెండో వివాహం జరిగింది. చదువు ఈసారీ పూర్తి కాలేదు.

ఆ రోజుల్లో కవిగా బతకాలంటే ఒక సంస్థానమో, ఒక సేఠో, ఒక దొరో అండగా ఉండాలి. నర్మద్‌కు సమకాలీనుడు, ఆయన కంటే పదమూడేళ్లు పెద్ద అయిన దలపత్‌రామ్‌కు ఆ అండ ఉంది. అలెగ్జాండర్ కిన్లాక్ ఫోర్బ్స్ అనే ఆంగ్ల అధికారి ఆయనను ఆదరించారు. ఇక్కడా ఒక అలెగ్జాండర్ ఉండటం కాకతాళీయమే. దలపత్‌రామ్ కూడా సంస్కరణవాదే. అయితే మెల్లగా, ఎవరి మనసూ నొప్పించకుండా చెప్పడం ఆయన పద్ధతి. నర్మద్‌కు ఆ నెమ్మది లేదు, ఆ పోషకుడూ లేడు.

1858 నవంబరు 23 ఆయన జీవితాన్ని రెండుగా చీల్చిన తేదీ. ఆ రోజు పాఠశాల ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి ఇంటికి వచ్చి, కన్నీళ్లతో కలాన్ని చూస్తూ ఇకపై దాని ఒడిలోనే తలదాచుకుంటానని సంకల్పం చెప్పుకున్నారు. అంటే జీతం కోసం ఎవరి దగ్గరా పని చేయకూడదన్నది నిర్ణయం. ఇరవై ఐదేళ్ల గృహస్థు, చేతిలో పైసా ఆస్తి లేకుండా, ముద్రిత పుస్తకాలు కొని చదివేవారు వేళ్ల మీద లెక్కించదగిన కాలంలో తీసుకున్న నిర్ణయమిది. డయోజినిస్ గిన్నెను పారేసినట్లే నర్మద్ జీతాన్ని పారేశారు. తేడా ఏమిటంటే, ఆ గిన్నెలో ఇంటిల్లిపాదికీ కూడు ఉంది.

రెండేళ్లు తిరగకుండానే ఆయన పేరు బొంబాయి అంతటా మారుమోగింది. సూరత్‌కు చెందిన వైష్ణవ మఠాధిపతి యదునాథ్‌జీ మహారాజ్ 1860లో బొంబాయి వచ్చారు. వల్లభ సంప్రదాయంలో మహారాజ్‌లను భక్తులు సాక్షాత్తూ భగవత్స్వరూపులుగా కొలిచేవారు. బొంబాయి వర్తకుల్లో చాలామంది వారి శిష్యులే. వితంతు వివాహంపై బహిరంగ చర్చకు రమ్మని నర్మద్ ఆయనకు సవాలు విసిరారు. వితంతువుల పునర్వివాహాన్ని చట్టం అనుమతించి అప్పటికి నాలుగేళ్లే అయింది. చట్టం ఉన్నా పెళ్లిళ్లు జరగడం లేదు. ఆగస్టు 21న సభ జరిగింది. చర్చ కొంతసేపటికి అసలు అంశం నుంచి పక్కకు మళ్లింది. శాస్త్రాలు భగవంతుడు చెప్పినవని నమ్ముతావా అని మహారాజ్ ప్రశ్నించారు. ఆ చోట, అంతమంది భక్తుల మధ్య, తప్పించుకునే జవాబులు ఎన్నో ఉన్నాయి. నర్మద్ నమ్మనని చెప్పారు. సభ గందరగోళంలో ముగిసింది.

ఆ ఒక్క జవాబు తరువాతి పరిణామాలకు దారి వేసింది. నర్మద్ మిత్రుడు కర్సన్‌దాస్ మూల్జీ తన 'సత్యప్రకాశ్' పత్రికలో మహారాజ్‌ల నడవడిపై వ్యాసం ప్రచురించారు. యదునాథ్‌జీ యాభై వేల రూపాయలకు పరువు నష్టం దావా వేశారు. 1862లో బొంబాయి సుప్రీం కోర్టులో జరిగిన ఆ విచారణ దేశమంతా చర్చనీయాంశమైంది. తీర్పు ప్రధానంగా కర్సన్‌దాస్‌కే అనుకూలంగా వచ్చింది. కోర్టులో గెలుపు ఒక మిత్రుడిది కావచ్చు. అంతకు రెండేళ్ల ముందు న్యాయవాది లేకుండా, సాక్షులు లేకుండా, ఒక సభలో నిలబడి ఆ మాట అనడానికి మరో రకం ధైర్యం కావాలి.

1864 సెప్టెంబరు 1న మిత్రులతో కలిసి నర్మద్ 'డాండియో' అనే పక్షపత్రిక ప్రారంభించారు. డాండియో అంటే కర్ర. ఇంగ్లండ్‌లో ఎడిసన్ నడిపిన 'స్పెక్టేటర్' దానికి నమూనా. కాని డాండియో స్వభావం అంత మర్యాదైనది కాదు. అమెరికా అంతర్యుద్ధం వల్ల పత్తి ధరలు ఆకాశానికంటి, బొంబాయి వర్తకులు వాటాల జూదంలో మునిగి తేలుతున్న కాలమది. మరుసటి ఏడాది ఆ బుడగ పగిలి ఎన్నో కుటుంబాలు వీధిన పడ్డాయి. డాండియో సేఠ్‌లను, శాస్త్రులను, అధికారులను పేరుపేరునా పట్టి నిలదీసింది. వేదికపై వితంతు వివాహం గురించి గంభీరంగా ఉపన్యసించి, ఇంటికి వెళ్లి కులపెద్దల ముందు చేతులు కట్టుకునే సంస్కర్తలను కూడా వదిలిపెట్టలేదు. బహుశా శత్రువుల కంటే ఈ మిత్రులకే ఆ దెబ్బ గట్టిగా తగిలి ఉంటుంది. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం 'వివేకవర్ధని'తో ఇదే పనికి పూనుకున్నది 1874లో, అంటే డాండియో తొలి సంచిక వచ్చిన పదేళ్లకు. ఇద్దరూ ఒకరినొకరు ఎరుగకపోయినా, చదువుతుంటే ఒకే ఇంటి మనుషుల్లా తోస్తారు. డాండియో ఐదేళ్లు నడిచి 1869లో ఆగిపోయింది.

తన మాట తనకు వర్తించే రోజు కూడా వచ్చింది. 1860 దశకం మధ్యలో ఒక వితంతువుకు ఆశ్రయం ఇచ్చి నర్మద్ కులం ఆగ్రహానికి గురయ్యారు. 1869లో సుభద్ర అనే వితంతువును వివాహం చేసుకున్నారు. ఆమె నర్మదాగౌరి అయ్యారు. మరుసటి ఏడాది కుమారుడు జయశంకర్ జన్మించాడు. వీరేశలింగం రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. దానికి పన్నెండేళ్ల ముందే నర్మద్ ఆ పని స్వయంగా చేసి చూపించారు. మెచ్చుకోవలసిన విషయమే. కాని అప్పటికి డాహీగౌరి ఆ ఇంట్లోనే ఉన్నారు. ఆమె పదమూడేళ్ల కాపురం చేసిన ఇల్లాలు. ఒక స్త్రీకి న్యాయం చేసే పనిలో మరో స్త్రీని సవతిపోరులోకి నెట్టడం ఆయన సంస్కరణలో మిగిలిపోయిన చిక్కుముడి. ఊరి ఆచారాన్ని ధిక్కరించిన కీర్తి ఆయనకు దక్కింది. ఆ ధిక్కారానికి ఇంటిలోపల చెల్లించిన మూల్యంలో పెద్ద వంతు డాహీగౌరిదే. ఆయనను వీరుడని పిలిచే వ్యాసాలు ఈ ఘట్టం దగ్గర తరచూ వేగం పెంచుతాయి.

బయట మరో లెక్క నడుస్తోంది. అది అప్పుల లెక్క. నర్మద్ చేతికి ఎముక లేనివాడు. పుస్తకాలు సొంత ఖర్చుతో అచ్చు వేయించేవారు. ఆమ్లీరాన్‌లో తిరిగి కట్టుకున్న ఇంటికి సరస్వతీ మందిరమని పేరు పెట్టుకున్నారు గాని లక్ష్మి అక్కడ నిలవలేదు. అయినా ఆయన తలకెత్తుకున్న పనులు ఒక సంస్థ చేయవలసినంతటివి. వాటిలో పెద్దది 'నర్మకోశ్'. గుజరాతీ పదాలకు గుజరాతీలోనే అర్థాలు చెప్పే నిఘంటువు అప్పటికి లేదు. 1860 దశకం ఆరంభం నుంచి ఒంటరిగా పదాలు సేకరించి, అర్థాలు రాసి, భాగాలు భాగాలుగా వెలువరిస్తూ వచ్చారు. దాదాపు పాతిక వేల పదాలతో 1873లో సంపూర్ణ గ్రంథం వెలువడింది. పోషకులెవరూ ముందుకు రాలేదు. ఆయన దాన్ని గుజరాతీ ప్రజలకే అంకితమిచ్చారు. నేటికీ గుజరాతీలు పాడుకునే 'జయ జయ గరవీ గుజరాత్' కూడా ఆ నిఘంటువు ముందు పుటల్లోనే కనిపిస్తుంది. వాళ్లే కొని చదువుతారన్న ఆశ ఉండేది. ఆ ఆశ అప్పు తీర్చలేదు.

ఇక్కడి నుంచి కథ ఆయన అభిమానులకు ఇబ్బంది కలిగించే మలుపు తిరుగుతుంది. 1870 దశకంలో నర్మద్ ప్రపంచ చరిత్ర విస్తృతంగా చదివారు. 'రాజ్యరంగ్' అనే చరిత్ర గ్రంథం రాశారు. జాతులు ఎదగడం, కూలిపోవడం గురించి ఆలోచించే కొద్దీ, పశ్చిమాన్ని చూసి చేస్తున్న సంస్కరణ ఈ నేలకు అతకదేమోనన్న అనుమానం బలపడింది. ఒకప్పుడు తాను నవ్వుకున్న ధర్మాన్ని, సంప్రదాయాన్ని మళ్లీ చేరదీశారు. వితంతు వివాహంపై తన పాత వాదాన్ని కూడా ఉపసంహరించుకున్నారు. ఈ మార్పును ఆయన దాచుకోలేదు. వ్యాసాలుగా రాశారు. 1885లో అవి 'ధర్మవిచార్' పేరుతో పుస్తకంగా వచ్చాయి. మిత్రులు నివ్వెరపోయారు. ఇన్నాళ్లూ తిట్టినవారు తమవాడయ్యాడని సంబరపడ్డారు.

ఆ మార్పు సరైనదా కాదా అన్నది వేరే చర్చ. దాన్ని అలసటగా చూసేవారున్నారు, పరిణతిగా చూసేవారూ ఉన్నారు. గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. ఎదుటివాడి నాణెం మీది ముద్రను చెరపడం తేలిక. తన చేత్తో అచ్చు వేసి, తన పేరుతో ఊరంతా చెలామణిలో పెట్టిన నాణేన్ని తానే చెల్లదని చాటడం తేలిక కాదు. ఇరవై ఏళ్ల కీర్తి ఆ నాణెం మీదే నిలబడి ఉంది. మౌనంగా ఉండిపోతే ఆయన సంస్కరణవీరుడిగానే మరణించేవారు. మౌనం ఆయనకు చేతకాలేదు.

అప్పులు మాత్రం ఆలోచనలతో పాటు మారలేదు. 1882లో గోకుల్‌దాస్ తేజ్‌పాల్ ధర్మాదాయ సంస్థలో కార్యదర్శి ఉద్యోగాన్ని ఆయన అంగీకరించారు. 1858 నవంబరు నాటి ప్రతిజ్ఞ ఇరవై నాలుగేళ్లకు ముగిసింది. ఉద్యోగం స్వీకరించిన రోజు ఆయన కంటతడి పెట్టారని చెబుతారు. ఒకసారి సన్నిహితుల మధ్య పెట్టుకున్న నియమం అది. దాన్ని తప్పినందుకు శిక్షించే కోర్టు లేదు, వెలివేసే కులం లేదు. అయినా ఆ ఉద్యోగం ఆయనను లోలోపల కుంగదీసిందని జీవిత చరిత్రకారులు రాస్తారు. నాలుగేళ్లు గడవలేదు. నెలల తరబడి కీళ్ల జబ్బుతో బాధపడి 1886 ఫిబ్రవరిలో బొంబాయిలో కన్నుమూశారు. వయసు యాభై రెండేళ్లు.

ఆయన రాసిన వాటిలో ఒక పుస్తకం మాత్రం ఆయన కాలంలో జనంలోకి రాలేదు. 1866లో, ముప్పై మూడేళ్ల వయసులో, నర్మద్ తన ఆత్మకథ 'మారీ హకీకత్' రాసుకున్నారు. మన భాషలో వీరేశలింగం స్వీయచరిత్రకు ఇది ముప్పై ఏళ్లకు పైగా ముందుది. తన భయాలు, అహంకారం, డబ్బు విషయంలో తన చేతకానితనం, పెద్దలతో పడిన తగవులు అందులో దాపరికం లేకుండా నమోదు చేశారు. మఠాధిపతులను, సేఠ్‌లను చూసిన కంటితోనే తననూ చూసుకున్నారు. కొద్ది ప్రతులు మాత్రం అచ్చు వేయించి ఆప్తులకు ఇచ్చారు. అదే ఏడాది తన ఊరి గురించి 'సూరత్‌నీ ముఖ్తేసర్ హకీకత్' అనే చిన్న చరిత్ర కూడా రాశారు. రెంటి పేర్లలోనూ హకీకత్ అనే మాట ఉంది. ఉన్నది ఉన్నట్టు అని దాని అర్థం.

ఆయన రోజూ పడవలో దాటిన తాపీ మీద 1877లో హోప్ వంతెన వచ్చింది. అప్పటికి ఆయనకు నలభై నాలుగేళ్లు. ఆమ్లీరాన్‌లోని సరస్వతీ మందిరం ఇప్పుడు స్మారక భవనం. 'మారీ హకీకత్' మాత్రం పాఠకుల చేతికి రావడానికి 1933లో జరిగిన శతజయంతి దాకా ఆగవలసి వచ్చింది. ఆయన మరణించి అప్పటికి నలభై ఏడేళ్లు.